ఉప్పు మనిషి నవ్వు

అతనికి పళ్లాయన అని పేరు పెట్టింది స్వయానా బావగారే. అతను చేసే పని పళ్ల సెట్లు కట్టడం. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్లు చెక్కి, ఒక్కో పన్నూ వరసలో కూర్చి, బోసినోళ్లకు మళ్లీ నమిలే యోగం కలిగించడం. పెళ్లయిన కొత్తలో బంధువులకు పరిచయం చేస్తూ, "మా చెల్లెలి మొగుడిది పళ్ల వ్యాపారం. మనం తినే పళ్లు కాదు, మనచేత తినిపించే పళ్లు" అన్నాడు బావగారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంటల్లుడికి ఏ ఇంట్లోనైనా 'రండి, కూర్చోండి' అనే మర్యాద ఉంటుంది. అతనికి మాత్రం ఆ రోజునుంచీ "ఏవోయ్ పళ్లాయనా, వచ్చావా" అన్నదే మర్యాద అయి కూర్చుంది.

అయినా ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఇంటికే వెళ్లేవాడు. వెళ్లకుండా ఉండలేకపోవడానికి కారణం 'అవతలి గది'.

అది వాళ్ల చిన్నతనంలో వారానికోసారి టీవీలో వచ్చిన నలుపు తెలుపు సీరియల్. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు ఒక తలుపు తీస్తారు. అవతల ఉండకూడనిదేదో ఉంటుంది. ఒకసారి చచ్చిపోయినవాళ్లంతా బల్ల చుట్టూ చేరి తీరిగ్గా టీ తాగుతుంటారు. ఇంకోసారి వేరే గ్రహం నుంచి వచ్చిన జీవి అద్దం ముందు నిలబడి మనిషి ముఖం తొడుక్కుని, చెవుల దగ్గర సరిచేసుకుంటూ ఉంటుంది. గోడలు అట్టముక్కలని తెలిసిపోయేది. గ్రహాంతరవాసి కాళ్లకు మామూలు బూట్లుండేవి. అయినా పిన్ని ఇంట్లో దిండు కరుచుకుని అది చూసిన రాత్రి అతను పక్క తడిపాడు. మర్నాడు పుస్తకాల వెనక పేజీల నిండా రాక్షసుల దవడలు గీశాడు. పళ్లు కట్టే పని నేర్చుకున్నది కూడా ఎప్పటికైనా టీవీ రాక్షసులకు కోరలు చేసిపెట్టాలనే. పని చేతికొచ్చేసరికి టీవీలో రాక్షసులు పోయి పాటల పోటీలొచ్చాయి. చేసేది లేక తాతలకూ బామ్మలకూ పళ్లు కట్టుకుంటూ ఉండిపోయాడు.

వయసులో ఉండగా, క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు గోడ మీద ఒక కాగితం చూశాడు. 'అవతలి గది అభిమానులు ఎవరైనా ఉంటే ఆదివారం మా ఇంటికి రావచ్చు' అని ఉంది. అంటించింది బావగారు. ఆయన లిఫ్టు మెకానిక్. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలితో ఉండేవాడు. ముందుగదిలో నిలువెత్తు పేము కుర్చీ, దాని వెనక గోడంతా ఆ సీరియల్ ఫోటోలు. అక్కడికి టీ కప్పుల పళ్లెంతో వచ్చిన చెల్లెలే తరవాత అతనికి భార్య అయింది. ఆమె పరదాల షాపులో గుడ్డ కత్తిరించే పని చేస్తుంది. ఆమెకి రాక్షసులంటే భయమూ లేదు, ఇష్టమూ లేదు. అన్నయ్యంటే మాత్రం ప్రాణం.

ఆదివారాల్లో వాళ్లతో పాటు ఇంకో ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకాయన జాగ్రఫీ మాస్టారు. ఇంకొకావిడ మందుల షాపు నడుపుతుంది. ఈ నలుగురిలో బావగారు రాజు. ఎందుకంటే 'ఉప్పు మనిషి' చూసినవాడు ఆయనొక్కడే.

టీవీ స్టేషన్ వాళ్లు చోటు చాలట్లేదని ఆ సీరియల్ రీళ్లు సగానికి సగం పారేశారు. పోయినవాటిలో అందరూ చెప్పుకునేది ఉప్పు మనిషి కథ. ఒక్కసారే వేశారట. పిల్లలు జడుసుకుని జ్వరాలు తెచ్చుకున్నారని గోల జరిగి, మళ్లీ వేయలేదట. బావగారికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో టీవీ లేదు. పక్కింటి కిటికీ కింద బకెట్టు బోర్లించి, దానిమీద నిలబడి అద్దంలోంచి చూశాడు. మాటలు వినబడలేదు, బొమ్మ మాత్రమే.

ఆయన చెప్పడం మొదలుపెడితే ఎన్నోసారైనా అందరూ కప్పులు కింద పెట్టేసేవారు. ఎక్కణ్ణించో వచ్చిన ఒక మనిషి అద్దెగదిలో దిగుతాడు. ఒళ్లంతా ఉప్పు. వానంటే హడలు. కిటికీలకి పేపర్లు అంటించుకుంటాడు. ఇంటావిడ దగ్గర ఊచలు విరిగిన గొడుగు. గదిలో కాలికి తాడు కట్టిన కుర్చీ. చివరికి ఒకరోజు తనంతట తనే తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోతాడు.

"వెంటనే కరిగిపోడు," అనేవాడు బావగారు, గొంతు తగ్గించి. "ముందు చెవులు పోతాయి. అప్పుడు మన వైపు తిరుగుతాడు. తిరిగి నవ్వుతాడు. బాధగా కాదు. హాయిగా."

ఆ నవ్వు తలుచుకుని పళ్లాయనకు ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. ప్రతిసారీ అసూయతో కడుపు మండేది కూడా.

అసలు తగువు లైబ్రరీ హాల్లో మొదలైంది. పాత టీవీ కార్యక్రమాల మీద అక్కడ ఒక సభ పెట్టారు. అవతలి గది గురించి మాట్లాడమని పళ్లాయనను పిలిచారు. జన్మలో మొదటిసారి మైకు ముందు నిలబడబోతున్నాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. వారాల తరబడి సాధన చేశాడు. హాలు నిండింది. ప్రసంగం బాగానే సాగుతోంది. రెండు కథలు ముందువెనకలుగా చెప్పాడో లేదో, ముందు వరసలోంచి బావగారు లేచి నిలబడ్డాడు.

"మా పళ్లాయనకి జనం నోళ్లలోకి చూడ్డమే అలవాటు. తెరవైపు చూడ్డం ఇంకా రాలేదు," అన్నాడు.

హాలు గొల్లుమంది. అతనికి తల కొట్టేసినట్టయింది. మిగతా ప్రసంగం ఏం చెప్పాడో, ఎప్పుడు కిందికి దిగాడో గుర్తులేదు. గుర్తున్నదల్లా, నవ్వేవాళ్లలో అతని భార్య కూడా ఉంది. దారిలో అడిగితే, అన్నయ్య అలా అనేసరికి నవ్వొచ్చేసిందండీ, మనసులో పెట్టుకోకండి, అంది. అతను మనసులోనే పెట్టుకున్నాడు.

ఆ తరవాత ల్యాబులో పని అయ్యాక ఒక దవడ చేయడం మొదలుపెట్టాడు. జీవితంలో చేసిన పనులన్నిట్లోకీ అదే గొప్పది. పళ్లు పళ్లలా కాకుండా, ఉప్పు రాళ్లు విరిగితే వచ్చే పలకల్లా చెక్కాడు. టీ డికాక్షన్‌లో నానబెట్టి పచ్చబరిచాడు. అంచులు ఇసుక కాగితంతో అరగదీశాడు. పాత సామాన్లవాడి దగ్గర ఇనప బిళ్ల ఒకటి కొని, దానిమీద టీవీ స్టేషన్ సామాన్ల గదిది అనిపించేలా ఒక అంకె కొట్టి, తీగతో కట్టాడు. చిన్నప్పుడు చేయాలనుకున్న పని ఇన్నాళ్లకు చేస్తున్నానన్న సంతోషం, ఎవరికోసం చేస్తున్నాడో గుర్తొచ్చినప్పుడల్లా రెట్టింపయ్యేది.

ఆదివారం అందరూ వచ్చాక దాన్ని గుడ్డలోంచి తీసి బావగారి చేతిలో పెట్టాడు. పాత సామాన్లవాడి దగ్గర దొరికిందన్నాడు. ఎక్కడిదో తనకు అర్థం కావట్లేదని, బావగారే చెప్పాలని వినయంగా అన్నాడు.

బావగారు కళ్లజోడు పెట్టుకున్నాడు. దవడను దీపం కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి ఆయనవే," అన్నాడు చివరికి. "ఉప్పు మనిషివి."

మందుల షాపావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిజంగా గుర్తుపట్టారా అని మాస్టారు అడిగాడు. ఎలా మరిచిపోతానన్నాడు బావగారు. నవ్వినప్పుడు కనిపించినవి ఇవేనట. వానచుక్క పడి ముందు పన్ను ఇలాగే మెరిసిందట. అంతకు ముందెప్పుడూ ఆయన పళ్ల ఊసెత్తలేదు. ఇప్పుడు ఒక్కో పన్నూ తడుముతూ చెప్పుకుపోయాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ నా మాట తప్ప ఇంకో సాక్ష్యం లేదురా, అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

పళ్లాయన ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చాడు. తరవాత సంచిలోంచి ప్లాస్టరు అచ్చు తీసి బల్లమీద పెట్టాడు. బావగారి చేతిలోంచి దవడ తీసుకుని అందులో కూర్చాడు. టక్కుమని సరిగ్గా కూర్చుంది.

"పోయిన నెల నా బల్ల మీద చేశాను బావగారూ," అన్నాడు. "మీరు చూసిన నవ్వు కూడా ఇలాంటిదేనా?"

ముందు మాస్టారు నవ్వాడు. తరవాత మందుల షాపావిడ, ఆపుకుందామని చూసి ఆపుకోలేక. బావగారు ఒకసారి దవడ వైపు, ఒకసారి పళ్లాయన వైపు చూశాడు. గాలి తీసేసినట్టు కుర్చీలో కుంగిపోయాడు. లోపల గదిలోంచి పళ్లాయన భార్య వచ్చి, ఏమైందని అడిగింది. మాస్టారు దవడ వైపు చూపించి మళ్లీ నవ్వాడు.

బావగారు కొన్నాళ్లు ఎవరికీ కనిపించలేదు. ఆదివారాలు పళ్లాయన ఇంటికి మారాయి. ఆయన మళ్లీ వచ్చినప్పుడు గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ కుర్చీ చూపించలేదు. ఎవరు ఏ అతిశయోక్తి చెప్పినా మాస్టారు, "ఎవరు చెప్పారు, ఉప్పాయనా?" అనేవాడు. ఆ పేరు అతుక్కుపోయింది. పళ్లాయన ఎవరినీ వద్దనలేదు.

బావగారిలో అనుమానం అప్పుడే మొదలైంది. ఆ రాత్రి నేను నిజంగా పక్కింటికి వెళ్లానా అని చెల్లెల్ని అడిగాడు. ఆమె అప్పటికి పుట్టనే లేదు. అమ్మ పోయి చాలా కాలమైంది. పక్కిల్లు ఉన్నచోట ఇప్పుడు కార్లు కడిగే షెడ్డుంది. ఒకరోజు అక్కడికీ వెళ్లి, కిటికీ ఎక్కడ ఉండేదో గుర్తుచేసుకుంటూ నీళ్లలో నిలబడి, ప్యాంటు తడుపుకుని వచ్చాడట. ఈ సంగతి భార్య చెబుతూ కళ్లు తుడుచుకుంటే, పళ్లాయన టీవీ చూస్తూ విన్నాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ల్యాబుకి ఫోనొచ్చింది. చేసింది ఎవరో పెద్దావిడ. వాళ్ల నాన్న టీవీ స్టేషన్లో రీళ్లు అతికే పని చేసేవాడట. పోయినప్పుడు షెడ్డు నిండా సామాన్లు వదిలి పోయాడట. పాత టీవీ సామాన్లు కొంటాడని పాత సామాన్లవాడు ఈ నంబరిచ్చాడట. అతను వెళ్లాడు. సాలెగూళ్ల మధ్య ఒక గుండ్రటి రేకు డబ్బా. మూతమీద పెయింటుతో రాసి ఉంది: ఉప్పు మనిషి. ఆవిడ ప్రొజెక్టర్ కూడా పట్టుకుపొమ్మంది, షెడ్డు ఖాళీ అయితే చాలంది.

మర్నాడు ల్యాబు తలుపులు మూసి, గోడకి తెల్లగుడ్డ కట్టి, ఒక్కడే కూర్చుని చూశాడు.

కిటికీలకి పేపర్లు. ఊచలు విరిగిన గొడుగు. కాలికి తాడు కట్టిన కుర్చీ. తలుపు తీసుకుని వానలోకి. ముందు చెవులు పోయాయి. అప్పుడు ఉప్పు మనిషి అతని వైపు తిరిగాడు. పెదాలు విడకుండా, ఒక్క పన్నూ కనబడకుండా, ఎండాకాలం మొదటి చల్లగాలి తగిలినవాడిలా నవ్వాడు. అంత హాయైన నవ్వు అతను మనిషి ముఖం మీద ఎన్నడూ చూడలేదు.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. చూస్తూ ఏడ్చాడు. పిన్ని ఇంట్లో దిండు కరుచుకున్న పిల్లాడు అతనిలో ఇంకా ఉన్నాడు. వాడికి ఇంతకన్నా కావలసింది ఈ లోకంలో ఏదీ లేదు. ఇది చూపిస్తే దేశంలో ఉన్న అభిమానులంతా వెతుక్కుంటూ వస్తారు. దొరకబుచ్చుకున్నది తను. కానీ చివరి దృశ్యం తెరమీద పడ్డ మరుక్షణం హాలంతా తిరిగి చూసేది తన వైపు కాదు. బావగారి వైపు. ఆయన మళ్లీ పేము కుర్చీలో కూర్చుంటాడు. తనకు మళ్లీ పళ్లాయన పేరే మిగులుతుంది. ఆ ఆలోచన వచ్చాక కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే బావగారు ల్యాబుకి వచ్చాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కాసేపు ఆరుతున్న అచ్చులవైపు చూశాడు. రీలు డబ్బా ఆయన మోకాలికి జానెడు దూరంలో, బీరువాలో ఉంది.

"నువ్వు నాకన్నా తెలిసినవాడివి," అన్నాడు. "నిజం చెప్పు. నేనా కథ చూశానంటావా?"

పళ్లాయన చేతిలో మైనం చెక్కే చాకుంది. దాన్ని గుడ్డతో తుడిచాడు.

"చిన్నపిల్లాడు కదండీ బావగారూ. ఎవరో చెప్పుకుంటుంటే విని ఉంటారు. విన్నదే చూసినట్టు ఉండిపోయి ఉంటుంది."

బావగారు తల ఊపాడు. "నాకూ అదే అనిపిస్తోంది," అన్నాడు. తనను అబద్ధాలకోరని అనుకోవద్దని మాస్టారితో, మందుల షాపావిడతో చెప్పమన్నాడు. చెబుతానన్నాడు పళ్లాయన. ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా కిటికీలోంచి చూశాడు.

తరవాత రీలు బల్లమీద పరిచి, ఉప్పు మనిషి చెయ్యి గడియమీద పడ్డ చోట చాకుతో కోశాడు. వాన నుంచి నవ్వు దాకా ఉన్న ముక్కను పక్కకు తీసి, 'సమాప్తం' అన్న అక్షరాలున్న కొసను తెచ్చి సన్న టేపుతో అతికించాడు. చెయ్యి తిరిగిన పనివాడు కాబట్టి అతుకు వేలికి తగల్లేదు. మిగిలిన ముక్కను లోహపు పళ్లు పోతపోసే ముందు మైనం మాడ్చే కొలిమిలో పెట్టి తలుపు వేశాడు. ముడుచుకుపోయి, ఉండచుట్టుకుని, నల్లగా నీరుకారింది. ఆ కంపు రెండు రోజులు ల్యాబులోంచి పోలేదు.

ఆ రీలు లైబ్రరీ హాల్లోనే వేశారు. నిలబడ్డానికి చోటు లేదు. ఈసారి అతని ప్రసంగంలో ఎవరూ లేవలేదు. భార్య ముందు వరసలో, పక్కన బావగారు. బొమ్మ మొదలయ్యాక బావగారు ముందుకు వంగి, చెవికి చెయ్యి ఆనించి విన్నాడు. గొడుగు కనిపించినప్పుడు మందుల షాపావిడ, ఈయన చెప్పినట్టే ఉందే అని గొణిగింది. ఎవరి దగ్గరో విన్నాడటగా అన్నాడు మాస్టారు.

తెరమీద చెయ్యి గడియమీద పడింది. సమాప్తం అని పడింది. వానా లేదు, చెవులూ లేవు, నవ్వూ లేదు. చప్పట్లు మోగాయి. అందరికన్నా ఎక్కువసేపు కొట్టినవాడు బావగారు. బయట అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ అద్దెకున్నాయన గొంతు ఎంత బాగుందోయ్. ఇప్పుడే వినడం," అన్నాడు. "ఆ చివరిది నేనే కల్పించుకున్నానన్నమాట. పిచ్చి వెధవని."

ఇంటికొచ్చాక భార్య చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. చివర్లో సంగీతం మధ్యలో తెగిందేం అని అడిగింది. పాత రీలు కదా అన్నాడు.

"పాతబడితే చిరుగుతుంది. ఇది కత్తిరించింది," అంది. "రోజంతా గుడ్డ కత్తిరించేదాన్ని. నాకు తేడా తెలీదా?"

అతను కూర్చున్నాడు. చొక్కా గుండీలు విప్పుకోబోయి ఆగాడు.

"నవ్వాడా?" అని అడిగింది.

"నవ్వాడు," అన్నాడు.

"ఆ ముక్క ఏది?"

"లేదు."

ఆమె అలాగే వెనక్కి తిరిగి అన్నగారింటికి వెళ్లింది. అతను గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నాడు. బావగారు వస్తాడు, మాస్టారొస్తాడు, ఊరంతా వస్తుంది అనుకున్నాడు. ఎవరూ రాలేదు. ఆమె మాత్రం తిరిగొచ్చి, అతనికి అన్నం పెట్టి, దుప్పటి తీసుకుని పక్కగదిలో పడుకుంది. అప్పటినుంచీ అక్కడే పడుకుంటోంది. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు.

ఏం జరిగిందో మర్నాడు బావగారే ఫోన్ చేసి చెప్పాడు.

"చెల్లెలొచ్చి ఏదో ముక్క ఉండేదని, నువ్వు కోసేశావని ఒకటే గోల. నామీద జాలికొద్దీ అల్లింది. నువ్వలాంటి పని చేస్తావా, ఆ సీరియల్ అంటే ప్రాణమిచ్చేవాడివి. దాన్ని కోప్పడకు."

కోప్పడనని అతను మాటిచ్చాడు.

బావగారు ఇక ఆదివారాలకు రాలేదు. గోడమీద ఫోటోలన్నీ ఊడదీసి, అట్టపెట్టెల్లో కట్టి పళ్లాయనకి పంపించేశాడు. ఆయన లేకపోయేసరికి ఆదివారాలు చప్పబడ్డాయి. ఎగతాళి చేయడానికి స్టూలు మీద ఎవరూ లేరు. గొంతు తగ్గించి కథ చెప్పేవాళ్లూ లేరు. మాస్టారికి మోకాళ్ల నొప్పులొచ్చాయి. మందుల షాపావిడ ఆదివారం కూడా షాపు తీస్తున్నానంది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక పళ్లాయనే బావగారింటికి వెళ్లాడు. ఉత్త గోడ. పేము కుర్చీలో ఆయన కాళ్లు చాపుకుని, సరైన జవాబు చెబితే ఫ్రిజ్‌లు ఇచ్చే కార్యక్రమం చూస్తున్నాడు. బాగానే ఉన్నాడు. కాస్త ఒళ్లు కూడా చేశాడు. పళ్లాయన కుశల ప్రశ్నలయ్యాక, మెల్లగా అద్దం ముందు ముఖం తొడుక్కునే జీవి కథ ఎత్తాడు. దాని దర్శకుడి గురించి కొత్త సంగతి ఒకటి తెలిసిందన్నాడు. ఎవరితోనైనా ఆ సంగతి చెప్పుకోవాలని అతనికి ప్రాణం కొట్టుకుపోతోంది.

"అవన్నీ ఇప్పుడెందుకోయ్," అన్నాడు బావగారు, తెరమీంచి చూపు తిప్పకుండా. "చిన్నపిల్లల గొడవ. ఇన్నేళ్లు ఎలా చూశామో ఏమిటో."

తెరమీద ఒకావిడ తప్పు జవాబు చెప్పింది. బావగారు అయ్యో అని చప్పరించి, పక్కనున్న స్టూలు చూపించి కూర్చోమన్నాడు. కూర్చోగానే, నీ చెయ్యి దగ్గరే ఉంది కాస్త సౌండ్ పెంచు అన్నాడు. పళ్లాయన సౌండ్ పెంచాడు.